ఆగిపోయిన కార్టూన్

పాప కనిపించడం లేదు.

ఎస్సై అనూరాధ గరివిడిలో ఆ ఇంటికి చేరేసరికి సాయంత్రం ఐదున్నర. హాలు నిండా జనం. తల్లి సుహాసిని నేల మీద కూలబడి ఉంది. ఏడుపు కూడా ఆగిపోయింది.

పొద్దున సుహాసిని, అత్త అసిరమ్మ పనిమీద విజయనగరం వెళ్లారు. నాలుగేళ్ల పాపని మరిది పృథ్వీరాజ్‌కి అప్పగించారు.

"సెప్పు బాబూ. ఏటి జరిగింది?" అనూరాధ పృథ్వీరాజ్‌ని అడిగింది.

"టీవీలో కార్టూన్ పెట్టి పక్కగదిలో ఉన్నాను మేడమ్. నాలుగింటి దాకా బొమ్మల సౌండ్ వినబడతానే ఉన్నాది. వచ్చి సూస్తే పాప నేదు. వీధి తలుపు తీసున్నాది."

ఆ మాట నమ్మి సగం వీధి రైల్వే స్టేషన్‌కి పరిగెత్తింది. మిగతా సగం నూతుల్లోకి తొంగిచూస్తోంది.

అనూరాధ టీవీ దగ్గరికెళ్లింది. పక్కన, పువ్వుల గుడ్డ కింద, అరచేతంత పెట్టె.

"ఇదేటి?"

"మినీ కంప్యూటర్. టీవీకి తగిలిస్తే సినిమాలన్నీ వచ్చేస్తాయి. ఎంత పెద్ద ఫైలైనా ఆగదు. ఫ్యాన్ సౌండు కూడా ఉండదు మేడమ్." ఇంత గొడవలోనూ పృథ్వీరాజ్ గొంతులో చిన్న గర్వం.

"గుడ్డ ఎవరు కప్పారు?"

"నానేనమ్మా," అంది అసిరమ్మ. "దుమ్ము పడిపోద్దని. మిక్సీకి, ఫ్రిజ్జుకి, అన్నిటికీ కప్పుతాను."

"మొగుడు బతికుంటే ఆయనకీ కప్పేసీది," పక్కింటి తవిటమ్మ గొణిగింది.

"ఇది ఎప్పుడు కప్పారు?"

"పొద్దున ఎల్లేముందు. నాను మడతెట్టినట్టే ఉన్నాది. ఎవరూ తియ్యనేదు."

అనూరాధ గుడ్డ కదపలేదు. కార్టూన్ పెట్టమంది.

తెర మీద కుందేలు పాట అందుకుంది. సుహాసిని చెవులు మూసుకుంది. కాసేపటికి పెట్టెలో ఫ్యాన్ బుసకొట్టింది. తర్వాత కీచుమంది. అనూరాధ గుడ్డ మీద చెయ్యి వేసి చటుక్కున వెనక్కి లాక్కుంది. పెనంలా కాలిపోతోంది.

ఉన్నట్టుండి తెర నల్లబడింది.

"గాలి ఆడక వేడెక్కి ఆరిపోయింది. మధ్యాహ్నమూ ఇలాగే ఆరిపోయుంటుంది. మరి నాలుగింటి దాకా నువ్వేటి విన్నావు?"

పృథ్వీరాజ్ వీధి తలుపు వైపు చూశాడు.

"ఎక్కడికెళ్లావు?"

"పేకాటకి. కార్టూన్ ఉంటే పాప కదలదు కదాని..."

"తలుపు?"

"బయట తాళం ఏసినాను. వచ్చి నానే తీసినాను."

"పెరటి తలుపు?"

"గడియ ఎత్తున ఉంటాది. అందదు."

అనూరాధ వెళ్లి గడియ చూసొచ్చింది. "అయితే పాప ఇల్లు దాటలేదు."

"గదులన్నీ సూసినామమ్మా," అంది తవిటమ్మ.

"ఈ పెట్టె గురించి పాపకేమన్నా చెప్పావా?" అనూరాధ పృథ్వీరాజ్‌నే చూస్తోంది.

"ముట్టుకుంటే సేతులిరగ్గొట్టేస్తానన్నాను."

"అదీ సంగతి. తనే పాడుచేసిందనుకుంటావని భయపడి ఎక్కడో దూరింది. నీ గొంతు వినబడుతుంటే ఎంత పిలిచినా పలకదు."

ఆమె చూపు గోడవార ఆగింది. దివాన్ మంచం మీద ముగ్గురు ఆడవాళ్లు కూర్చుని ఉన్నారు. వాళ్ల చీరల వెనక, మంచం కింది అరకి చిన్న జారుడు తలుపు.

"లెగండి. ముగ్గురూ."

తలుపు బిగుసుకుపోయింది. రెండు చేతులా లాగితే వచ్చింది. లోపల బొంతలు. బొంతల వెనక చెమటలో తడిసి, ముడుచుకుపోయిన పాప. కదలిక లేదు.

సుహాసిని బయటికి లాగి గుండెకి అదుముకుంది.

పాప దగ్గింది. కళ్లు తెరవకుండానే గొణిగింది.

"నాను సెడగొట్టనేదమ్మా. దానంతట అదే ఆరిపోనాది."