డీజిల్ గొట్టానికి కట్టిన ముడి

జాహ్నవికి అన్నిటికంటే పెద్ద భయం ఒకటే. ఆగకూడని అడవిలో బండి ఆగిపోయి, ఒళ్లో పాపకు ఫిట్స్ రావడం.

మంగళవారం అందులో సగం జరిగింది.

ఉత్తరాన మరో దీవిలోని రంగత్‌కు పోలీసు కాపలాతో వెళ్లే వాహనాల కాన్వాయ్‌లో, రిజర్వ్ ఫారెస్ట్ మధ్యలో, టూరిస్టులను తిప్పే వాళ్ల మోటర్‌హోమ్ రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. లోపల మంచం, స్టౌ, బిక్కమొహాలతో టూరిస్టులు. కిందికి దిగడానికి వీల్లేదు. ఫోన్‌కు సిగ్నల్ లేదు. కాసేపటికి దానంతటదే స్టార్టయింది.

ఇంతకు ముందూ ఇలాగే ఆగింది. మధ్యలో రోజుల తరబడి బంగారంలా నడిచింది.

ఆ రోజు నుంచి జాహ్నవి పాపను బండి ఎక్కించలేదు. ప్రోతరాపూర్ ఇంట్లో మామగారు నూకయ్యకు అప్పజెప్పి వెళ్తోంది. ఫిట్స్ మందు కూడా ఆయనే వేస్తాడు.

ఆమె భర్త మధుబాబు పోలీసులకు ఫిర్యాదు చేశాడు. మెకానిక్ ఉమేష్, బండిని తనకు అమ్మేయమని వెంటపడుతున్నాడు, అందుకే కావాలని పాడుచేస్తున్నాడని.

శనివారం పొద్దున ఎస్సై రాజకుమారి ఉమేష్ షెడ్‌కు వచ్చింది. మధుబాబు, జాహ్నవి అప్పటికే బండి తెచ్చి అక్కడున్నారు. ఫిల్టర్ మార్చానని, పంపు విప్పి చూశానని, వైరింగ్ అంతా వెతికానని ఉమేష్ ఒట్లు పెట్టుకున్నాడు.

"బండి ఆగితే నువ్వు మొదట చేసేదేంటి?"

"ట్యాంక్ మూత తీసి డీజిల్ చూస్తాను మేడమ్."

"తర్వాత?"

"సెల్ఫ్ కొడితే స్టార్టయిపోద్ది. నా మొహం చూస్తే దానికి భయం."

మధుబాబు నవ్వలేదు.

ఎస్సై బండెక్కి ఊరంతా తిప్పించింది. తిరిగి షెడ్ గేటు దగ్గరికి వచ్చేసరికి ఇంజిన్ ఆగింది. ఉమేష్ మూత మీద చెయ్యి వేయబోతే ఆపింది. తన చేతిరుమాలు మూత అంచున పట్టుకుని, మెల్లగా తిప్పింది.

బుస్‌మంది.

రుమాలు బయటికి ఎగరలేదు. గాలి దాన్ని లోపలికి లాక్కుపోయింది.

"డీజిల్ తగ్గేకొద్దీ ట్యాంకులోకి గాలి రావాలి. రాకపోతే పంపు లాగలేదు. కాసేపు ఆగితే సందుల్లోంచి మెల్లగా, మూత తీస్తే వెంటనే గాలి దూరుతుంది, తప్పు మాయమవుతుంది. ప్రతిసారీ సాక్ష్యం నువ్వే చెరిపేసి, దొంగను వెతుకుతున్నావు భయ్యా."

ఆమె టార్చ్ పట్టుకుని బండి కింద దూరింది. ట్యాంకుకు గాలి అందించే సన్న గొట్టం చివర ఒక చెక్క బిరడా. జారిపోకుండా దానికి నైలాన్ దారం.

"ఈ ముడి ఎవరిది?"

మధుబాబు వంగి చూశాడు. "నాన్నది మేడమ్. చేపల వేటకెళ్లే డింగీ పడవలో ఇలాగే కట్టేవోడు, ఉప్పునీరు పోకుండా. ఈ బండి కూడా ఫెర్రీ ఎక్కుద్ది కదా."

"మరి ఇంజిన్ వేసే ముందు?"

"తీసేత్తాడు. సముద్రం మీద ఒక్కనాడూ మర్చిపోలేదు."

జాహ్నవికి గుర్తొచ్చింది. ట్రిప్పుకు ముందు ఆయన బండి కిందికి వంగడం. కొన్ని రోజులు మాత్రం, ఎందుకొచ్చాడో తెలియనట్టు టైరు మీద చెయ్యి వేసి నిలబడిపోవడం.

"బండి ఆగిన రోజులన్నీ ఆయన మర్చిపోయిన రోజులే," అంది ఎస్సై. "ఇవాళ కూడా మర్చిపోయాడు."

ఆమె జాహ్నవి వైపు తిరిగింది.

"పాప ఇప్పుడు ఎవరి దగ్గరుంది దీదీ?"

ఇంటికి ఫోన్ చేశారు. మోగి మోగి ఆగిపోయింది.

ఎస్సై జీపులో ఇంటికి బయలుదేరారు. ఇంటి తలుపు బార్లా తెరిచి ఉంది. చాప మీద పాప. పక్కన కూర్చుని నూకయ్య పేపరుతో విసురుతున్నాడు. జాహ్నవి పాప ముక్కు దగ్గర వేలు పెట్టింది. ఊపిరి ఆడుతోంది. లేపితే లేవడం లేదు.

"మందేశారా మావయ్యా?"

"ఏసాను." ఆయన సీసా చేతిలోకి తీసుకున్నాడు. మూత తీశాడు, మళ్లీ పెట్టాడు. "ఏసాను కదమ్మా? నువ్వు సూసినావు కదా?"

ఒకసారి వేశాడో, రెండుసార్లు వేశాడో, ఆయనకే తెలియదు. ఎస్సై జీపు ఇంజిన్ ఆపనే లేదు. పాపను ఎత్తుకుని ఆస్పత్రికి పరిగెత్తారు.

సాయంత్రానికి పాప కళ్లు తెరిచింది. మందు ఎక్కువైందని డాక్టర్ చెప్పాడు. ఉమేష్ మీద కేసు లేదు. ఆ బిరడా మాత్రం జాహ్నవి పారేయలేదు.

మీ ఇంట్లోనూ పసిబిడ్డను చూసుకునే పెద్దాయన ఉంటే, ఇది పక్కన పెట్టి ఇప్పుడే ఒకసారి వెళ్లి చూడండి. బిడ్డను చూడండి. ఆయనను కూడా చూడండి.