డ్యాష్‌బోర్డు వినాయకుడు

"రెండు ఫ్లాస్కులున్నాయి భరణీ. ఒకదాంట్లో మన చిప్, ఇంకోదాంట్లో నకిలీ. అసలుది దోహా దాటిందంటే మన ల్యాబ్ కష్టమంతా విదేశీ ముఠా పాలు," ఫోన్లో అన్నాడు చీఫ్ సుధాకరరావు.

"తేడా ఎలా తెలుస్తుంది సార్?"

"చిప్‌లో క్వాంటం వెల్ అని వెంట్రుక కంటే ఎన్నో రెట్లు సన్నని పొర ఉంటుంది. ఫ్లాస్కులోని గడ్డకట్టే చలిలో, ఎలక్ట్రాన్ల స్పిన్ వల్ల అందులో కరెంటు సులువుగా పారుతుంది. అయస్కాంతం దగ్గర పెడితే ఆ సులువు పోయి, మూత మీది మీటర్లో అంకె పడిపోతుంది. నకిలీది చలించదు. నీ పెన్నులో మాగ్నెట్ పెట్టాం. నీ చేతికొచ్చింది నకిలీదైతే స్టీరింగ్ కింద మీట నొక్కు, కార్గో గేటు దగ్గర మనవాళ్ళు రెండోదాన్ని ఆపుతారు. రుజువు లేకుండా ఆపలేం. ఫ్లాస్కు తెచ్చే ధాత్రిని మాత్రం నమ్మకు."

దోహాలోని అల్ మన్సూరా పేటలో షవర్మా తింటూ నిలబడి ఉంది ధాత్రి. నల్లకళ్ళద్దాలు, పట్టుకుచ్చులాంటి జుట్టు. పొద్దున మనకు ఏజెంటు, సాయంత్రం ముఠాకు. డ్రైవరు వేషంలో భరణి కారాపాడు.

"అల్ ఘర్రాఫా వస్తారా?"

"ఏసీ లేదు మేడమ్, పర్వాలేదా?"

కోడ్ సరిపోయింది. ఆమె ముందు సీట్లో కూర్చుని ఫ్లాస్కు ఒళ్ళో పెట్టుకుంది.

"అసలుది ఇదేనండీ. ముఠా మనిషి సిద్ధార్థ్ నకిలీ పట్టుకుని కార్గోకి వెళ్తున్నాడు, వెళ్ళనివ్వండి. మిమ్మల్ని ట్రాక్ చేస్తున్నారు, ముందు ఇవన్నీ వదిలించుకోవాలి."

అతని ఫోను, వాచీ, పెన్ను, అన్నీ కిటికీలోంచి పారేసింది. సీటు కింద తడిమింది. డ్యాష్‌బోర్డు మీద చిన్న వినాయకుడి దాకా వెళ్ళిన చెయ్యి ఆగిపోయింది.

"ఎంగిలి చెయ్యి. స్వామీ, క్షమించు," అంటూ తల వంచింది.

భరణికి ఆశ్చర్యమేసింది. దేశాన్ని అమ్మే మనిషికి ఎంగిలంటే భయమా? అది భక్తో అలవాటో ఆ స్వామికే తెలియాలి.

ఏ కారెక్కినా ముందు వినాయకుణ్ణి అతికించమని అతని భార్య లలితకుమారి పోరు. అతికేది అడుగునున్న అయస్కాంతంతో.

సిగ్నల్ పడింది. భరణి విగ్రహాన్ని ఊడదీసి కళ్ళకద్దుకుని, ఫ్లాస్కుకి ఆనించాడు. మూత మీద మీటర్ వంక చూశాడు. అంకె కదల్లేదు. అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. కదల్లేదు.

మీట నొక్కాడు. నాలుగు తలుపులకూ తాళాలు పడ్డాయి. కారు స్పీకర్ ఎంతకూ పలకలేదు. భరణి మనసులో స్వామిని తలుచుకున్నాడు.

"కార్గో విమానం తలుపు మూస్తుంటే పట్టుకున్నాం సార్," చివరికి స్పీకర్లో పలికాడు కార్గో దగ్గరి మనవాడు. "మాగ్నెట్ పెట్టగానే మీటర్ పడిపోయింది. అసలుది ఇదే."

ధాత్రి కళ్ళద్దాలు తీసింది. "కారంతా వెతికాను కదండీ. ఎక్కడ తప్పాను?"

భరణి వినాయకుణ్ణి తిరిగి అతికించాడు.

"చేతులు కడుక్కుని ఎక్కాల్సింది మేడమ్."