మూడు ఇంటిపేర్లు

తెల్లారేసరికి ఇంటి వెనక నీళ్ల హౌజులో మానస శవం బోర్లా తేలింది. ఇరవై రెండేళ్ల పిల్ల.

నర్సంపేట నుంచి ఎస్సై రూతు వచ్చేలోపు గోరంత అనుమానం కొండంతయింది. హౌజు దగ్గర కనిపించిందని పక్కింటి ముసలి మొగిలమ్మను కరెంటు స్తంభానికి కట్టేశారు. చుట్టూ ఊరంతా. ఎవరి చేతిలోనో పెట్రోలు సీసా.

రూతు వెంట ఉన్నది ఒక్క కానిస్టేబుల్.

"కట్లు ఇప్పుండ్రి!"

"దగ్గరికి రాకు మేడం! అప్పుడు నా కొడుకును తిన్నది. ఇయ్యాల బిడ్డను తిన్నది." మానస తల్లి యాకమ్మ రొమ్ము బాదుకుంది. "చేతబడి గాకపోతే ఒక్క ఇంట్ల ఇద్దరు పోతరా?"

రూతు చెయ్యెత్తింది. "జర ఆగుండ్రి. ఈమె చంపిందని తేలితే బేడీలు నేనే ఏస్త."

శవాన్ని చూసింది. దెబ్బల్లేవు. నాలుక పళ్ల మధ్య నలిగి ఉంది.

"ఫిట్స్ ఉండెనా?"

"ఉండె. చేతులు ఉలిక్కిపడ్డట్టు అదిరేటివి. కాళ్లల్ల సత్తువ పోయింది. కొడుక్కు గూడ గట్లనే."

"మీ ఇంట్ల ఇంకెవలకు?"

"ఎవ్వలకు లేదు. వరంగల్ల డాక్టరు గూడ గదే అడిగిండు. మా ఇంటిపేరోళ్లల్ల లేనే లేదు."

రూతు చటుక్కున తలెత్తింది. "మరి నీ తల్లిగారింట్ల?"

"అది వేరే ఇల్లు గద."

"చెప్పమ్మా."

"మా అమ్మ ఫిట్స్‌తోనే పోయింది. పరకాలకు ఇచ్చిన మా అక్క కొడుకు గూడ పాయె. అది ఆళ్లింటి శని."

రూతు యాకమ్మ దగ్గర నంబరు తీసుకుని ఆ డాక్టరుకు ఫోన్ కలిపి స్పీకర్ ఆన్ చేసింది.

"మైటోకాండ్రియా జబ్బని నా అనుమానం," అన్నాడు డాక్టరు. "ఒంట్లో కణాలకు శక్తినిచ్చేది మైటోకాండ్రియా. అందులో ఈ లోపం తల్లి నుంచే బిడ్డలకు వస్తుంది. ఇంట్లో ఎవరికీ లేదన్నారు. టెస్టుకు రమ్మంటే మళ్లీ రాలేదు."

"మరి ముసల్ది హౌజు కాడ ఎందుకున్నది?" గుంపులోంచి ఎవరో అరిచారు.

"పిల్లను బయటికి గుంజుదామని. ఆమె రవిక సూడుండ్రి, భుజాల దాక తడి. పిల్ల ఫిట్స్ వచ్చి నీళ్లల్ల పడ్డది." రూతు యాకమ్మ వైపు తిరిగింది. "మీ ఇల్లు, నీ తల్లిగారిల్లు, పరకాల ఇల్లు. ఇంటిపేర్లు మూడు. తల్లివేరు ఒక్కటే. మీరు ఇంటిపేరు చూసి లేదన్నరు."

పెట్రోలు సీసా మెల్లగా కిందికి దిగింది.

"అంటే... నేనే ఇచ్చిన్నా మేడం?"

"తెలిసి ఇయ్యలేదమ్మా. ముందు కట్లు ఇప్పు."

యాకమ్మ ముడి పట్టి లాగింది. ముడి రాలేదు. పెద్దకూతురు దీప, ఏడో నెల గర్భిణి, ముందుకొచ్చి తాడు అందుకుంది. ఆమె చేతులూ మానస చేతుల్లాగే ఉలిక్కిపడ్డాయి. తాడు జారింది.

రూతు చూపు దీప కడుపు మీద ఆగింది.

మొగిలమ్మ ఆ చేతులనే చూస్తోంది.

"మెల్లగ బిడ్డా," అంది. "నాకేం తొందర లేదు."