కబ్ద్ అర్రల సైకిల్ సప్పుడు

కువైట్ ఎడారి దిక్కు కబ్ద్‌ల మా లింగం వాళ్ల కఫీల్‌కు, అంటే వీసా ఇచ్చిన అరబ్బు యజమానికి, ఒక ఫామ్ ఉన్నది. గొర్లు, కోళ్లు, కొన్ని ఖర్జూర చెట్లు. నీళ్ల ట్యాంకి ఎన్క ఒక అర్ర. పొద్దుగూకినంక గా అర్ర దిక్కు ఎవ్వలు పోరు.

ఎందుకంటే అండ్ల ఒకడు సచ్చిండు. చలికాలం దర్వాజ బిగించుకొని, బొగ్గులు రాజేసుకొని పన్నడు… తెల్లారి లేవలే. అప్పటిసంది అర్రకు పేరు పాడైంది. లోపల ఎవ్వడో రొప్పుతున్నట్టు ఇనవడుతదని ఒకడు, కిడికిల నీలి ఎలుగు కనవడుతదని ఇంకొకడు.

నేను గిసువంటియి నమ్మ. దజీజ్ గోదాంల డబ్బాలు మోసి వచ్చి పంటే దెయ్యం కాదు, దాని తాత వచ్చినా నాకు మెలకువ రాదు. కానీ గిది లింగానికి అయింది. లింగం నోటితోని ఇన్నదే చెప్తున్న.

ముందుగాల లింగం కడుపుమంట సంగతి చెప్పాలె. అది తెలువకుంటే మిగిలింది సమజ్ కాదు.

లింగం మా జగిత్యాల దిక్కోడు. సబా అల్ సలేంల కఫీల్ ఇంట్ల డ్రైవర్, మస్తు ఏండ్ల సంది. గంగాప్రసాద్ అని వాళ్ల ఊరాయినే, వరుసకు తమ్ముడు. లింగమే కఫీల్‌ను బతిమిలాడి వీసా ఇప్పిచ్చి తెచ్చిండు, అదే ఇంట్ల పనికి పెట్టిండు. కఫీల్‌కు సైకిళ్ల పిచ్చి. ఒక్కొక్క సైకిల్‌కు ఒక కార్ వస్తది! ఆటిని కడుగుడు, గాలి కొట్టుడు, చైన్‌కు నూనె పెట్టుడు గంగాప్రసాద్ పని.

ఇగ కువైట్‌ల గుట్ట ఏడున్నది? అంత సాపే. గుట్టలెక్కనీకి కఫీల్ ఏటా స్పెయిన్ పోతడు. ఆడ పల్లెల నడుమ గుట్టలు, గుట్టల మీద సన్నపు రోడ్లు. దినమంత తొక్కుతడు. ఎన్క వ్యాన్‌ల నీళ్లు, చక్రాలు పట్టుకొని ఒక మనిషి కూసోవాలె. ఈయేడు మన మనిషినే తోల్కపోత అన్నడు కఫీల్.

ఎవ్వల్ని? లింగాన్ని కాదు. గంగాప్రసాద్‌ను.

వ్యాన్ నడుపనీకి ఆ దేశపోడే ఉంటడట. సైకిల్ పని తెలిసినోడు గావాలెనట. లింగం ఇంటడా? ప్రతి జుమ్మా మా రూముకొచ్చి నా పానం తినుడే. "నేను తెచ్చినోడు… నన్నే దాటిపోతడా? వాడు విమానమెక్కి గుట్టలు సూడాలె, నేను ఇంట్ల మేడమ్‌ను సూపర్ మార్కెట్‌కు తిప్పాలెనా?"

గంగాప్రసాద్ సుత తక్కువోడేం కాదు. మూడు నెలల ముంగటికెళ్లే షురూ జేసిండు. "అన్నా, ఆడొక ఘాట్ ఉన్నదట. మలుపు మీద మలుపు. రెండు దిక్కుల ఆలివ్ చెట్లు. మీదికి పోతే మబ్బులు మన కింద ఉంటయట!" అందరికి చెప్తున్నట్టే చెప్పేటోడు, కానీ కండ్లు లింగం మొఖం మీదనే. రూమంత నోరు తెరిచి ఇనేది. లింగం చాయ్ గిలాస పట్టుకొని గోడను సూసేటోడు.

పోయే దినం కఫీల్ ఇచ్చిన సైకిల్ బూట్లు ఏసుకున్నడు గంగాప్రసాద్. కింద ఇనుప బిళ్ల ఉంటది, నడిస్తే టక్కు టక్కు మంటది. గట్ల టకటక నడుసుకుంట పోయి కఫీల్ తమ్ముని కార్ల కూసున్నడు. సైకిల్ కబ్ద్‌ల ఉన్నది, అది పట్టుకొని అటే ఎయిర్‌పోర్ట్‌కు పోతమన్నరు. కార్ కదిలింది. లింగం నోట్లకెళ్లి ఒక మాట జారింది.

"పో… గా గుట్టల్నే పడి సావు."

మెల్లగనే అన్నడు. కానీ అన్నడు.

నాలుగు దినాలకు ఫోన్ల ఫోటోలు రావట్టినయ్. గుట్టలు, వంకర రోడ్డు, తెల్లటి ఇండ్ల ఊరు. మా రూమోళ్లు "అబ్బబ్బ" అనుడే అనుడు. లింగానికి తిన్నది ఒంటవట్టలే. మల్ల ఏమైందో… ఒక్కపారే ఫోటోలు బందైనయ్. ఫోన్ చేస్తే స్విచాఫ్.

గప్పుడే ఒక మాపటి, ఇంటి మేడమ్, మేం మామా అంటం, పిలిచి "లింగం, యల్లా, మజ్రాకు పోయి గుడ్లు పట్టుకరా" అన్నది. లింగం కబ్ద్ ఫామ్‌కు చేరేవరకు చీకటైంది.

కాపలాకు ఉండే నౌమాన్ గుడ్ల అట్టలు తెచ్చి కార్ల పెట్టిండు. లింగం కన్ను గా ఎన్కటి అర్ర మీద పడ్డది. సైకిల్ సామానంత అండ్లనే. "ఆ అర్ర తాళం నా దగ్గర్నే ఉంటది" అని గంగాప్రసాద్ ఎన్నిసార్లు కాలరెగరేసిండో! లోపల చెత్త చెత్తగ పెట్టి పోయుంటడు, కిడికిలకెళ్లి ఒక ఫోటో తీసి కఫీల్‌కు పంపుదామనుకున్నడు లింగం. మల్లొచ్చే యేడు స్పెయిన్‌కు ఎవ్వల్ని తోల్కపోవాలెనో కఫీల్‌కే తెలుస్తది.

"ఉధర్ మత్ జావో భాయ్," అన్నడు నౌమాన్, గొంతు తగ్గించి. "ఆడ జిన్ను ఉన్నది."

లింగం ఇనలే. ఫోన్ లైట్ ఏసుకొని పోయిండు.

ట్యాంకి దాటిండు. దర్వాజ ముంగట ఒక పల్లెం… బట్ట కప్పి ఉన్నది. ఎత్తి సూసిండు. రొట్టెలు. ఎచ్చగున్నయ్.

మనుషులు లేని అర్రకు రొట్టెలు ఎవ్వలు పెడుతరు?

అప్పుడు ఇనవడ్డది. ఝుయ్యి… మని ఒక సప్పుడు. దాని నడుమ ఎవ్వడో రొప్పుడు. ఊపిరాడక కొట్టుకుంటున్నట్టు, ఆగి ఆగి.

కాళ్లు ఎన్కకు పొమ్మన్నయ్. కడుపుమంట ముంగటికి నూకింది. కిడికి సందుల కన్ను పెట్టిండు…

లోపల చీకటి. చీకట్ల గుట్టలు. గుట్టల నడుమ వంకర రోడ్డు, రెండు దిక్కుల ఆలివ్ చెట్లు. గా రోడ్డు మీద సైకిల్ తొక్కుకుంట — గంగాప్రసాద్!

మొఖం నీలిగున్నది. నోరు తెరిచి ఉన్నది. ఒళ్లంత తడి. కాళ్లు తిరుగుతనే ఉన్నయ్, కానీ మనిషి జానెడు సుత ముంగటికి పోతలేడు. సైకిల్‌కు ఎన్క చక్రమే లేదు.

లింగానికి సమజైంది. పడ్డడు. గా గుట్టల్నే పడి సచ్చిండు. అందుకే ఫోన్ బంద్. ఆ మాట అన్నోన్ని ఎతుక్కుంట గింత దూరం వచ్చిండు.

"నేను తెచ్చిన… నేనే సంపిన," అన్నడు లింగం. అది లోపలికి ఇనవడ్డది.

తల మెల్లగ ఇటు తిరిగింది.

"అన్నా…?"

దెయ్యానికి కాళ్లు ఎన్కకు తిరిగి ఉంటయంటరు గదా. లింగం కన్ను సక్కగ కాళ్ల మీదికి పోయింది. కాళ్లు పెడళ్లకు అతుక్కొని ఉన్నయ్. సూస్తుండంగనే ఒక పాదం… మడిమె బయటికి తిప్పుకుంట… మర్రవట్టింది. టక్కుమన్నది. ఇంకో పాదం. టక్కు.

"హనుమంతా!" అని లింగం ఎల్లెలకల పడ్డడు. చెప్పు ఏడనో పోయింది. లేచేలోపలనే దర్వాజ తెరుసుకున్నది, టకటక దగ్గరికొచ్చింది. సల్లటి చెయ్యి నోరు మూసింది.

"ఒర్రకు అన్నా, నీ కాళ్లు మొక్కుత. ఎవ్వలన్న ఇంటరు."

చెయ్యి చెమట వాసన వస్తున్నది. దెయ్యానికి చెమట ఎక్కడిది?

లోపలికి తోల్కపోయి లైట్ ఏసిండు గంగాప్రసాద్. గుట్టలు గోడంత టీవీల ఉన్నయ్. కఫీల్ స్పెయిన్‌కు పోయే ముందు ప్రాక్టీస్ చేసే ఏర్పాటు అది. సైకిల్ ఎన్క చక్రం తీసి ఒక మిషన్‌కు బిగిస్తరు. టీవీల గుట్ట వచ్చిందంటే పెడల్ బరువైతది. బూట్లు పెడల్ల ఇరుక్కొని ఉంటయ్, మడిమె బయటికి తిప్పితేనే ఊడుతయ్.

"మరి స్పెయిన్…?"

"వీసా రాలే అన్నా. పోయే ముంగటి దినమే తెలిసింది. మూడు నెలలు అందరికి డప్పు గొట్టుకొని, ఏ మొఖం పెట్టుకొని రావాలె రూముకు? కఫీల్ బాబా కాళ్లు వట్టుకున్న, ఇంట్ల చెప్పకు అని. నవ్వి, ఫామ్‌ల ఉండుమన్నడు. బాబా తమ్మునికి, నౌమాన్‌కే తెలుసు, నౌమానే రొట్టెలు తెచ్చి పెడుతడు. ఫోటోలు గా టీవీల్కెళ్లి తీసినయే. ఫోన్ నీళ్ల తొట్టిల పడి పాడైంది."

లింగానికి నవ్వాల్నో కొట్టాల్నో తెలువలే. "దొంగ నా కొడుకా! నువ్వు సచ్చినవనుకున్న గదరా. గిన్ని దినాలు ఒట్టి దానికి నా కడుపు మండించినవా?"

గంగాప్రసాద్ తల వంచుకున్నడు. "నువ్వు ఊరికొస్తే ఊరంత నీ ముంగట కూసుంటుండె. నన్ను లింగం తెచ్చినోడు అంటరు తప్ప పేరు పెట్టి సుత పిలువరు. నువ్వు నన్ను సూసి కుళ్లుకున్నవు సూడు… కువైట్ల నాకు మంచిగ గడిచినయి గా మూడు నెలలే అన్నా."

లింగం సైకిల్ దిక్కు సూసి, "జరుగు. నేనెక్కుత," అన్నడు.

ఎక్కిండు. తొక్కిండు. ఘాట్ సగంల తొడలు వణికినయ్, దమ్ము అందలే, దిగి గచ్చు మీద సతికిలవడ్డడు. గంగాప్రసాద్ ఎక్కి, రొప్పుకుంట, రొప్పుకుంట… పైదాంక పోయిండు. మబ్బులు నిజంగనే కిందున్నయట.

కఫీల్ వచ్చినంక, గంగాప్రసాద్ మా రూముకొచ్చి స్పెయిన్ ముచ్చట చెప్తుంటే లింగం మొఖం మాడ్చుకొని గోడ దిక్కు తిరిగి కూసున్నడు. మాకేం తెలుసు? పాపం ఇంకా ఓర్వలేకున్నడు అనుకున్నం.

మొన్న గంగాప్రసాద్ పని ఖలాస్ జేసుకొని ఊరికి పోయినంకనే లింగం నాకు గిదంత చెప్పిండు. నాకు నవ్వాగలే. "ఓరి నీ! గా దినం ఎంత మంచిగ యాక్టింగ్ చేసినవ్‌రా, నిజమే అనుకున్నం," అన్న.

లింగం నవ్వలే.

"యాక్టింగ్ ఎక్కడిది? గా గుట్ట వాడు ఎక్కిండు. నేను సగంల దిగిన. ఇప్పటికీ కడుపు మండుతనే ఉన్నది."