తినేవాళ్ళు లేని గుంట

పెరట్లో నీటిగుంట, గుంట నిండా కప్పలు. సాయంత్రమైతే అవి ఎత్తుకునే కచేరీకి ఇంటి పెంకులు లేచి కూర్చునేవంటే నమ్మండి. ఆ ఇంట్లో అన్నావదినలతో ఉంటున్న సైన్సు టీచరమ్మకి పరీక్ష పేపర్లు దిద్దే పని పడింది. ఆ గోలలో ఎవరికెన్ని మార్కులు వేస్తోందో తనకే తెలియకపోయేది. చిర్రెత్తి, ఎవరూ చూడకుండా బస్తాడు బ్లీచింగ్ పౌడరు గుంటలో గుమ్మరించింది.

మర్నాటికి తెల్లటి పొట్టలు తేలాయి. వాటిని ఎత్తి పారేసి, చేతులు కడుక్కుని, బడికెళ్ళి ఆహారపు గొలుసు పాఠం చెప్పింది. గొంతయినా వణకలేదు మహాతల్లికి.

వానలకి పౌడరు ఘాటు విరిగింది. దోమలు తిరిగొచ్చి గుడ్లు పెట్టాయి. తినేవాళ్ళు లేరాయె. ఒక్కో దోమ పిచ్చుకంత, నాలుగు కలిస్తే దుప్పటి లాక్కుపోయేవి. అందరూ నవ్వుకున్నారు, వదిన కూతురు బుడ్డిదానికి జ్వరం తగిలేదాకా. పిల్ల ఒళ్ళు పెనంలా కాలుతోంది. సాయంత్రానికి తగ్గకపోతే తన చేతుల్లో లేదనేశాడు డాక్టరు.

"కప్పలుంటే ఇన్ని దోమలుండేవి కావు కదూ?" అంది వదిన. "చదువుకున్నదానివి, నువ్వు చెప్పు. అవెటు పోయాయి?"

టీచరమ్మ పిల్ల నుదుటి మీద తడిగుడ్డ మార్చింది. "ఏమో వదినా."

పొద్దు వాలుతుండగా గుంట గట్టున కూలబడింది. నల్లటి నీళ్ళు, కుళ్ళిన నాచు వాసన.

"నాదే తప్పు" అని చచ్చిన కప్పలతో గొణిగింది. "పిల్లనొదిలేయండి. దోమల్ని తినే మీ పని... ఎవరిచేతైనా చేయిస్తాను."

అడుగునుంచి ఒక బుడగ లేచింది. ఇంకొకటి...

లోపలికొచ్చేసరికి ఇల్లంతా నిశ్శబ్దం. ఒక్క దోమ లేదు. వదిన గోడకి చేరగిలబడి, జ్వరం దిగిందని మెల్లగా చెప్పింది. టీచరమ్మ పిల్ల నుదురు తాకింది. చల్లగా ఉంది. తడిగా... కాస్త జిగటగా.

బుడ్డిది రెప్ప వేయకుండా చూస్తోంది. దవడ ఆడుతోంది.

"నోట్లో ఏంటమ్మా?"

పిల్ల గుటుక్కున మింగింది. "ఇంకా కావాలత్తా" అంది గుసగుసగా. "మా అందరికీ ఆకలేస్తోంది."

టీచరమ్మ చెయ్యి వెనక్కి లాక్కుంది. ఇప్పుడైనా చెప్పేయాలని తల తిప్పకుండానే నోరు తెరిచింది. "వదినా... గుంటలో మందు కలిపింది నేనే."

వెనక్కి తిరిగింది.

దీపం చుట్టూ తిరుగుతున్న పురుగునే చూస్తోంది వదిన. రెప్ప పడటం లేదు. గడ్డం కింద చర్మం ఉబ్బుతోంది... అణుగుతోంది... ఉబ్బుతోంది...