అక్క పాట వెనక అడుగులు

మా ఇంట్లో రికార్డు ప్లేయర్ తిరుగుతుంటే ఎవరూ ఆ గదిలో నడవకూడదు. నేల కాస్త అదిరితే చాలు, సూది ఎగిరిపడుతుంది, పాట తెగిపోతుంది. నా చిరాకంతా అక్కడే మొదలైంది.

ఎందుకంటే ఉన్నది ఒక్కటే డిస్కు. అక్క పోవడానికి వారం ముందు పాడింది. మొదట్లోనే "చెల్లీ, ఇది నీకే" అంటుంది. ఆ మాట వింటే, వాన వెలిశాక కిటికీ తెరిచినట్టుంటుంది నాకు. మెత్తటి డిస్కు, తిప్పినకొద్దీ అరిగిపోతుంది. ఇంకో పాతికసార్లు వస్తే గొప్ప అన్నారు. అందుకే ఉన్నంతలో మేలైన టర్న్‌టేబుల్ కొనాల్సిందేనని పట్టుబట్టాను. అక్క మొగుడు, మా బావ, తోడొచ్చాడు.

షాపు వెనకాల, వినడానికి వేరే గది ఉంది. కిటికీల్లేవు. గోడలకి మందపాటి బట్ట, నేల మీద తివాచీ. తలుపు వేయగానే పట్టపగలే చీకటి పడిపోయింది. యాంప్లిఫయర్ మీద చిన్న ఎర్రదీపం ఒక్కటే. వేడెక్కిన దుమ్ము వాసన. షాపాయన మా చెప్పులు బయటే విప్పించి, "పాట అయ్యేదాకా ఎవరూ లేవకండమ్మా" అన్నాడు.

మొదటిది చెక్కది. అక్క గొంతు తియ్యగానే వచ్చింది. కానీ పాట చివర్లో, ఎక్కడో దూరంగా, అడుగులు. ఒకటి బరువుగా, రెండోది ఈడ్చుకుంటూ.

ఇంట్లో అక్కడికొచ్చేసరికి సన్నగా టక్, టక్ మనేది. మా డొక్కు ప్లేయర్ జబ్బే అనుకున్నాను ఇన్నాళ్లూ.

"బావా, అక్క పాడిన రోజు గదిలో ఇంకెవరున్నారు?"

"ఎవరూ లేరు. స్టూడియో అద్దానికి ఇవతల కూర్చుని చూసింది నేనేగా! అయినా ఇన్ని వంకలు పెడితే నీకు మొగుడు దొరికినట్టే, మరదలా."

ఒళ్లు మండిపోయింది. "ఇంతకన్నా మంచిది పెట్టండి" అన్నాను షాపాయనతో.

రెండోది ఇనప దిమ్మలా ఉంది. అడుగులు పోలేదు సరికదా, దగ్గరికొచ్చాయి. సరిగ్గా అక్క పక్కకి. సూది మార్పించాను. ఇంకా దగ్గరికొచ్చాయి.

"మంచి మెషీన్ చప్పుడు దాచదమ్మా, బయటపెడుతుంది" అన్నాడాయన, విసుగు మింగుకుంటూ.

వినే ఓపిక నాకుంటేగా! ఇన్నేసిసార్లు తిప్పి అక్కని నా చేతులతో నేనే అరగదీస్తున్నానని ఏడుపొస్తోంది. "మీ దగ్గర అన్నిటికన్నా మంచిదేదో అది పెట్టండి. ఇదే ఆఖరు."

మూడోదాన్ని రాతిపలక మీద బిగించారు. కదపాలంటే ఇద్దరు మనుషులు కావాలి. సూది ఆనింది... గది మాయమైపోయింది. అక్క నా ఎదురుగా కూర్చుని పాడుతోంది. మధ్యలో గుటక వేయడం కూడా వినబడింది. చెయ్యి చాస్తే తగులుతుందనిపించి కళ్లు మూసుకున్నాను.

అడుగు.

ఎడమ స్పీకర్లో కాదు. కుడి స్పీకర్లోనూ కాదు.

ఈడ్పు... అడుగు... ఈడ్పు...

అక్కని దాటాయి. స్పీకర్లని దాటాయి. తివాచీ మీదికొచ్చాయి... తడిసి మగ్గిన బట్టల వాసన. నా వెనక్కొచ్చి ఆగిపోయాయి.

నా వెనక స్పీకర్ లేదు.

"బావా..."

"నాకూ వినబడుతోంది. కదలకు" అన్నాడు బావ, గొంతు తగ్గించి.

"ఆపండి... ఆపేయండి..."

"సూది ఎప్పుడో ఎత్తేశానమ్మా" అన్నాడు షాపాయన చీకట్లోంచి.

నా మెడ మీద ఎవరో చల్లగా ఊపిరి వదిలారు.

ఏదీ కొనలేదు. డిస్కు లాక్కుని పరుగున బయటపడ్డాం. ఇంటికొచ్చాక బావ లోపలికి రానని వరండాలోనే కూలబడ్డాడు. నేను మాత్రం ఉండలేకపోయాను. డిస్కు పాడైపోయిందేమో! ఆ ఒక్క భయం మిగతా భయాలన్నిటినీ మింగేసింది. పాత ప్లేయర్ మీద పెట్టి, బిగుసుకుని కూర్చున్నాను.

"చెల్లీ, ఇది నీకే."

పాట సాగింది. చివరికొచ్చింది. టక్ లేదు. ఏ చప్పుడూ లేదు. కడిగిన ముత్యంలా అక్క గొంతు ఒక్కటే. పొద్దున్నుంచి నేను పోరాడిందంతా దీనికోసమే. కళ్లలో నీళ్లు తిరిగాయి.

అంతలో సూది ఎగిరిపడింది.

నేను కదల్లేదు. కిటికీలోంచి బావ కనబడుతూనే ఉన్నాడు, వరండాలో తల పట్టుకుని.

సూది మళ్లీ ఎగిరింది. ఒకసారి గట్టిగా... ఒకసారి మెల్లగా...