పద్నాలుగో నంబరు పాల లెక్క

ఉదయం ఐదు గంటల నలభై నిమిషాలు. సన్నని జల్లు, గాలి లేదు. రేకుల కప్పు మీది చినుకుల చప్పుడు పాలు పితికే యంత్రం చప్పుడులో కలిసిపోతోంది.

పశువుల డాక్టరమ్మ ఆ డెయిరీలో చేరి అప్పటికి పదకొండు రోజులు. ఆవును ముట్టుకునే ముందు పాల రిజిస్టరు చదవాలని ఆమె చదువు నేర్పింది. జబ్బు ముందు అంకెల్లో కనబడుతుంది, ఒంట్లో ఆ తరువాతే. ఆ ఉదయం రిజిస్టరు చంకన పెట్టుకుని, దాన్ని రోజూ రాసే యజమాని కొడుకు ఎదుట నిలబడింది.

"ఇరవై రెండో నంబరుకు ఏ జబ్బూ లేదు."

"మంచి మాటేగా మేడమ్! ముఖం అలా పెట్టారేం?"

"మూడు వారాలుగా దాని పాలు తగ్గాయని మీరే రాశారు. నిన్నంతా దాన్నే పరీక్షించాను. రెండుసార్లు తన్నింది. అంత బలంగా తన్నే ఆవుకు జబ్బేమిటండీ?"

అతడు నవ్వాపుకోవడానికి కడిగిన బకెట్‌నే మళ్లీ కడిగాడు.

"నవ్వండి. ఈ పద్నాలుగో నంబరు చూడండి. ఇరవై ఒక్క రోజులుగా పొద్దుటి పాలు తొమ్మిదిన్నర లీటర్లే. చుక్క తేడా లేదు. ఇది ఆవా, కుళాయా?"

అతడు తేలు కుట్టిన దొంగలా బకెట్ కింద పెట్టేశాడు.

"తొమ్మిదికి తగ్గితే నాన్న అమ్మేస్తారండీ," అన్నాడు. "తల్లి పోతే సీసాతో పాలు పట్టి పెంచాను దాన్ని. అందుకే ఇరవై రెండో దాని పాలలో రెండు లీటర్లు దీని పేరున రాశాను. ట్యాంకులో మొత్తం సరిపోతోంది కదా!"

"ట్యాంకుకు సరిపోయింది. ఆవుకు?"

ఆమె వంగి పద్నాలుగో నంబరు వెనక కాలు ఎత్తింది. గిట్ట కింద పుండు. సరిగ్గా మూడు వారాల క్రితం దాన్ని కొత్త సిమెంటు నేల మీదికి మార్చారు.

"నిజం రాసి ఉంటే నేను వచ్చిన రోజే తెలిసేది. పదకొండు రోజుల నొప్పి మీ ప్రేమ పుణ్యమే."

అతడి కళ్లు నిండాయి. అంత కటువుగా అనకుండా ఉండాల్సిందని ఆమె ఆ తరువాత ఎన్నో ఏళ్లు అనుకుంది.

ఆ మధ్యాహ్నం తండ్రి ఎదుట అతడే తప్పుడు అంకెలు కొట్టేసి నిజం రాశాడు. తండ్రి రిజిస్టరు తన ముందుకు లాక్కున్నాడు.

"నేను కళ్లు మూసుకుని సంతకం పెట్టే పుస్తకంరా ఇది."

"నెల రోజులు గడువివ్వండి సార్," అంది డాక్టరమ్మ. "కాలు నయమైతే పాలు అవే పెరుగుతాయి."

"ఇస్తాను. కానీ వీడొక్కడూ రాయడానికి వీల్లేదు. వీడు కొలవాలి, మీరు రాయాలి."

అలా మొదలైంది ఆ నెల. ఆవు కింద ఇసుక పరిచారు, గిట్టకు కట్టు కట్టారు. రోజూ చీకటి విడే వేళకు అతడు అంకె చెప్పేవాడు, ఆమె రాసేది. ఏడు. ఏడుంబావు. ఒకనాడు ఆరున్నర, ఆ రోజు ఇద్దరూ టీ తాగలేదు. ఎనిమిది దాటాక అతడి జోకులు తిరిగొచ్చాయి. వాన రాని రోజుల్లో కూడా ఆమె గొడుగు తెచ్చుకుని, అక్కడే మరచిపోవడం మొదలుపెట్టింది.

ఇరవై తొమ్మిదో రోజున అతడు మెల్లగా చెప్పాడు. "తొమ్మిదింబావు."

ఆమె రెండుసార్లు అడిగి మరీ రాసింది.

"మరి సంతోషం ఏదీ?"

"రేపటితో గడువైపోతుంది కదండీ."

"అయితే?"

"చెప్పడం చేతకాదు."

ఆమె పెన్ను అతడి ముందు పెట్టింది. "వ్యాఖ్యల గడి ఖాళీగానే ఉంది. ఉన్నది దాచినందుకే కదా ఆవు అన్నాళ్లు బాధపడింది?"

అతడు తడి చెయ్యి చొక్కాకు తుడుచుకుని రాశాడు: 'గడువు తీరాక, ఈ పుస్తకం నిండాక కూడా ఇద్దరం కలిసే రాయాలని ఉంది.'

ఆమె చదివింది. పక్కన 'సరిచూశాను' అని రాసి, గొడుగు అక్కడే వదిలేసి వెళ్లిపోయింది.

మర్నాడు తండ్రి ఆ పుట ఈసారి కళ్లు తెరిచే చదివి, అడుగున సంతకం పెట్టాడు.

పద్నాలుగో నంబరు మరో అయిదు ఈతలు ఈనింది. పంతొమ్మిదేళ్ల తరువాత ఆ రిజిస్టర్లన్నిటినీ కంప్యూటరులోకి ఎక్కించినప్పుడు, వ్యాఖ్యల గడిని అక్షరం మార్చకుండా టైపు చేసింది వాళ్లిద్దరి అమ్మాయే.